పరీక్ష డాక్టరు దగ్గర, జోడు మన చేతుల్లో

కళ్లు పరీక్ష చేయించుకోవడం ఒక పని, కళ్లజోడు కొనుక్కోవడం ఇంకో పని. రెండూ ఒకే షాపులో, ఒకే కౌంటరు దగ్గర, ఒకే బిల్లు మీద జరిగిపోతుంటాయి కాబట్టి మనం వాటిని విడదీసి చూడం. మొదటిదానికి చదువూ పరికరాలూ అనుభవమూ కావాలి. అది కంటి డాక్టరో, కళ్లు పరీక్షించి పవరు తేల్చే ఆప్టోమెట్రిస్టో చెయ్యాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. రెండోది మాత్రం చాలామంది విషయంలో మనమే చేసుకోగలిగిన పని. ఏ పవరు కావాలో తెలిశాక, ఆ పవరున్న అద్దాలు ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొని, ముఖానికి సరిపోయేలా ఇంట్లోనే సర్దుకోవచ్చు. ఈ మాట శ్రీకాకుళంలో ఎవరితో అన్నా ముందు భయపడతారు, తర్వాత "ఎందుకొచ్చిన గొడవ, కళ్ల విషయం కదా" అంటారు. కళ్ల విషయం కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ భయం సంగతి చూద్దాం. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర నూటయాభైకి అమ్మే జోడు పెట్టుకుంటే ఉన్న చూపు కూడా పోతుందని మా ఇంట్లో పెద్దవాళ్లంతా అనేవారు. పెద్దవయసు వాళ్లకు పవరు తప్పిన అద్దాల వల్ల కన్ను పాడవదు. తలనొప్పి వస్తుంది, కళ్లు లాగుతాయి, మసగ్గా కనిపిస్తుంది, తీసి పక్కన పెడితే ఆ ఇబ్బంది పోతుంది. అద్దాలు అలవాటైతే పవరు పెరిగిపోతుందన్న మాటా అంతే. చత్వారం పవరు పెరిగేది వయసును బట్టి, అద్దాలు పెట్టుకున్నా పెరుగుతుంది, మానేసినా పెరుగుతుంది. పిల్లల సంగతి పూర్తిగా వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కంటి లోపలి లెన్సు వయసుతో పాటు గట్టిపడుతుంది. దగ్గరి వస్తువును చూడాల్సినప్పుడు అది కాస్త ఉబ్బాలి, గట్టిపడ్డాక ఉబ్బలేదు, అదే చత్వారం. నలభై దాటాక అటూ ఇటూగా అందరికీ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చూపు మీద ఇచ్చిన నివేదికలో ప్రపంచం మొత్తం మీద 180 కోట్ల మందికి చత్వారం ఉందని, అందులో 82.6 కోట్ల మంది తగిన అద్దాలు లేక దగ్గరి చూపుకు ఇబ్బంది పడుతున్నారని రాశారు. ఇన్ని కోట్ల మందికి కావాల్సింది ఆపరేషన్ కాదు, మాత్రలు కాదు, రెండు ప్లాస్టిక్ బిళ్లలు.

వాటి వల్ల ఎంత తేడా వస్తుందో కొలిచి చూశారు కూడా. అస్సాం టీ తోటల్లో నలభై దాటిన 751 మంది కార్మికులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ముందుగా చత్వారం అద్దాలు ఇచ్చారు. అద్దాలున్న వాళ్లు కోసిన ఆకు, లేనివాళ్లతో పోలిస్తే సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. ఇది 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. 2024లో బంగ్లాదేశ్ పల్లెల్లో 824 మందితో ఇలాంటిదే ఇంకో పరిశోధన వచ్చింది. అక్కడ అద్దాలు అందినవాళ్ల సంపాదన ఎనిమిది నెలల్లో మూడో వంతు పెరిగింది. ఇవి చదివినప్పుడు నాకు మన జిల్లాయే కళ్లముందు కదిలింది. పలాసలో జీడిపప్పు గుండ్లు ఒక పక్క, బద్దలు ఒక పక్క వేరుచేస్తూ రోజంతా కూర్చునే ఆడవాళ్లు, కళింగపట్నంలో తెగిన వల కుట్టుకునే మత్స్యకారులు, ప్రతి ఊళ్లో మిషను కుట్టేవాళ్లు. వీళ్లందరి కూలీ దగ్గరి చూపు మీదే ఉంది, వీళ్లలో చాలామంది నలభై దాటినవాళ్లే.

మా మేనత్త పొందూరులో రాట్నం వడుకుతుంది. పొందూరు సన్న ఖద్దరు గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు (వడకడానికి చుట్టిన పత్తి చుట్టలు) చేసి, ఒంటి కదురు రాట్నం మీద సన్నని నూలు తీస్తారు. అంత సన్నని పోగు తెగితే మళ్లీ అతకాలంటే ముందు అది కనిపించాలి. కొన్నాళ్లుగా అత్త సన్న నూలు మానేసి లావు నూలే తీస్తోంది. అడిగితే "ఏటి సెయ్యమంటావురా, పోగు రెండుగా అవుపడతంది" అంది. కంటి పరీక్ష చేయించాం. శుక్లం లేదు, దూరపు చూపు బాగుంది, రెండు కళ్లకూ ఒకే పవరు, వట్టి చత్వారం. పరీక్ష చేసినచోటే ఉన్న షాపులో జోడు రెండు వేల పైచిలుకు చెప్పారు. అది తన చేతి పనితో సంపాదించాలంటే ఎన్ని నూలు చిలపలు వడకాలో అత్త అక్కడే వేళ్ల మీద లెక్కేసుకుని లేచిపోయింది.

ఆ తర్వాత చేసింది చెబుతాను, ఎందుకంటే పవరు ఎంచుకునే పద్ధతంతా ఇందులోనే ఉంది. ప్లస్ 1.25 నుంచి 2.50 దాకా నాలుగైదు రకాల రెడీమేడ్ జోళ్లు, అడిగితే వాపసు తీసుకుంటానన్న దుకాణంలో తీసుకుని పొందూరు వెళ్లాను. పరీక్ష చేసి ఇచ్చిన చీటీలో చదవడానికి అని రాసింది ప్లస్ 2.25. అది పెట్టుకుంటే ఫోన్‌లో అక్షరాలు, బియ్యంలో రాళ్లు చక్కగా కనిపించాయి. రాట్నం ముందు కూర్చోగానే మాత్రం కదురు మసకబారింది. టేపు పెట్టి కొలిస్తే కంటి నుంచి కదురుకు అరవై సెంటీమీటర్ల పైనే ఉంది. ప్లస్ 1.50 ఇస్తే, ఏకు లాగుతూ ఒక్కసారి ఆగి, పోగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదుండనీ" అని మళ్లీ వడకడం మొదలుపెట్టింది. వడకడానికి 1.50, మిగతా పనులకు 2.25, రెండు జోళ్లూ కలిపి మూడు వందలు. షాపులో ఒక్క ఖరీదైన జోడు కొని ఉంటే ఈ రెండు పనుల్లో ఒకదానికి అది పనికొచ్చేది కాదు. చవకగా దొరకడంలో ఉన్న అసలు లాభం నాకు ఇక్కడే కనిపిస్తుంది, ఒక్కో పనికి ఒక్కో జోడు పెట్టుకునే వీలు.

దీని వెనక లెక్క పదో తరగతిలో అందరం చదివిందే. వందను సెంటీమీటర్లలో ఉన్న దూరంతో భాగిస్తే పవరు వస్తుంది, దాని కొలత పేరే డయాప్టరు. నలభై సెంటీమీటర్ల దగ్గర చూడాలంటే కంటికి మొత్తం 2.5 డయాప్టర్ల సాయం కావాలి, అరవై అయిదు దగ్గరైతే 1.5 చాలు. అందులో కొంత కన్ను ఇంకా సొంతంగా ఇవ్వగలదు, ఎంత ఇవ్వగలదన్నది వయసును బట్టి ఉంటుంది. అందుకే నలభై అయిదేళ్లవాళ్లకు చదవడానికి ప్లస్ 1.00, 1.25 సరిపోతాయి, యాభై దాటితే 1.50 నుంచి 2.00, అరవై వచ్చేసరికి 2.25, 2.50 దాకా వెళ్తుంది. ఇదంతా దూరపు చూపు బాగున్నవాళ్ల లెక్క. వయసు పట్టిక చూసి కొనెయ్యకుండా మీరు చేసే పనిని దుకాణానికి తీసుకెళ్లండి. కుట్టు పనైతే సూదీ దారం, లెక్కలు రాసేవాళ్లైతే ఆ పుస్తకం. రెండు పవర్లూ బాగానే ఉన్నాయనిపిస్తే తక్కువది తీసుకోండి, తక్కువ పవరుతో స్పష్టంగా కనిపించే మేర ఎక్కువ ఉంటుంది.

రెడీమేడ్ జోడు మీద అంటించిన స్టిక్కరు నిజమో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు. పగటిపూట కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడి, అద్దాన్ని గోడకు దగ్గరగా పట్టుకుని మెల్లగా వెనక్కి జరపండి. ఒకచోట కిటికీ బయటి చెట్టో ఎదురింటి డాబానో గోడ మీద తలకిందులుగా, చిన్నగా, స్పష్టంగా పడుతుంది. అద్దానికీ గోడకూ మధ్య అప్పుడున్న దూరం కొలిచి వందను దాంతో భాగించండి. యాభై సెంటీమీటర్లు వస్తే పవరు 2. కుడి అద్దానికి ఒక దూరం, ఎడమ అద్దానికి ఇంకో దూరం వస్తే ఆ జోడు వదిలెయ్యండి. సూర్యుడి మీద మాత్రం ఈ ప్రయోగం చెయ్యకండి, కాలుతుంది. దూరం మసగ్గా కనిపించేవాళ్లు పెట్టుకునే మైనస్ అద్దం ఇలా బొమ్మ పడనివ్వదు, దానికి వేరే దారి ఉంది. జోడును చేయి చాపి పట్టుకుని, అద్దంలోంచి తలుపు అంచును చూస్తూ అటూ ఇటూ జరపండి. అంచు కూడా అద్దంతో పాటే జరిగితే మైనస్, ఎదురు జరిగితే ప్లస్. మైనస్ 2 అద్దం మీద ప్లస్ 2 అద్దం ఆనించి చూస్తే ఆ కదలిక దాదాపు ఆగిపోతుంది, ఆగకపోతే రెండింట్లో ఏదో ఒకటి రాసినంత లేదన్నమాట. అద్దాన్ని గుండ్రంగా తిప్పినప్పుడు లోపల కనిపించే తలుపు అంచు పక్కకు వంగితే అందులో సిలిండరు, అంటే ఒక కోణంలో మాత్రమే పనిచేసే పవరు, ఉంది.

రెడీమేడ్ జోడుకు రెండు పరిమితులున్నాయి, అవి దాచకూడదు. రెండు కళ్లకూ ఒకే పవరు ఉంటుంది, సిలిండరు ఉండదు. మీ చీటీలో రెండు కళ్ల మధ్య అర పాయింటు కంటే ఎక్కువ తేడా ఉన్నా, సిలిండరు 0.75, 1.00 అలా ఉన్నా చేయించిన జోడే కావాలి. అయినా రెండు వేలు పెట్టనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఫ్రేముతో కలిపి వెయ్యి లోపు దొరుకుతున్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పవరు కళ్లజోళ్ల మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాలంటే చీటీ చదవడం రావాలి. ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ. ఎస్‌పీహెచ్ కింద అసలు పవరు, సీవైఎల్ కింద సిలిండరు, యాక్సిస్ అంటే ఆ సిలిండరును ఏ కోణంలో పెట్టాలో, అది 1 నుంచి 180 లోపు ఉంటుంది. యాడ్ అంటే చదవడానికి దూరపు పవరుకు కలపాల్సింది. దూరం మైనస్ 1.00, యాడ్ ప్లస్ 2.00 అని ఉంటే చదివే జోడు ప్లస్ 1.00 అవుతుంది, మైనస్ అద్దాలు పెట్టుకునేవాళ్లు ఇక్కడ తికమక పడుతుంటారు. ప్లస్, మైనస్ గుర్తు ఎక్కించేటప్పుడు రెండుసార్లు చూసుకోండి.

చీటీలో దాదాపు ఎప్పుడూ కనిపించనిది పీడీ, అంటే రెండు కనుపాపల మధ్య దూరం. మా దగ్గర ఒక షాపులో నా పీడీ చెప్పమని అడిగితే "అది మీకెందుకండీ" అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు. నా ముఖం కొలత నాకు చెప్పడానికి అభ్యంతరం ఏముంటుంది, ఇంకోచోట కొంటానన్న భయం తప్ప? సరే, అది మనమే కొలుచుకోవచ్చు. మిల్లీమీటర్లున్న స్కేలు తీసుకుని అద్దం ముందు జానెడు దూరంలో నిలబడండి. స్కేలు కనుబొమల కింద, ముక్కు దూలం మీద ఆనించి, కుడి కన్ను మూసి, ఎడమ కనుపాప నడిమధ్యకు సున్నా గీత తెచ్చుకోండి. తల, స్కేలు కదపకుండా ఇప్పుడు ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరిచి, ఆ కనుపాప మధ్య ఏ గీత ఉందో చూడండి. రెండు మూడు సార్లు కొలిస్తే అంకె ఒకచోట కుదురుకుంటుంది. పెద్దవాళ్లలో చాలామందికి 54కీ 74కీ మధ్య, సగటున 63 చుట్టూ ఉంటుంది. చదివే జోడుకు అందులోంచి మూడు తగ్గించాలి, దగ్గరికి చూసేటప్పుడు కళ్లు లోపలికి తిరుగుతాయి కాబట్టి.

ఈ కొలత కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందన్నది పవరును బట్టి ఉంటుంది. తేడా ఎన్ని సెంటీమీటర్లో దాన్ని పవరుతో గుణిస్తే అద్దం కంటిని ఎంత పక్కకు లాగుతుందో వస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల తేడా ప్లస్ 1.50 అద్దాల్లో 0.6 ప్రిజం డయాప్టర్లు (ఆ లాగుడుకు కొలత), చాలామందికి తెలియను కూడా తెలియదు. అదే తేడా మైనస్ 6 అద్దాల్లో 2.4, సాయంత్రానికి తల పట్టేస్తుంది. అందుకే నా సలహాకు ఒక గీత గీస్తున్నాను. నాలుగు దాటిన పవరు, ప్రోగ్రెసివ్ (పై నుంచి కిందికి పవరు మెల్లగా మారే అద్దం), బైఫోకల్ (పైన దూరపు పవరు, కింద దగ్గరి పవరు ఉన్నది), ప్రిజం (చూపును పక్కకు మళ్లించేది) రాసిన చీటీలు ఇవన్నీ షాపుకే వెళ్లాలి. ప్రోగ్రెసివ్ అద్దంలో కనుపాప ఎత్తు కూడా కొలిచి పెట్టాలి, అది ముఖం మీద ఫ్రేము పెట్టి చూస్తేగానీ కుదరదు. ఆ కొలతకు, ఆ అనుభవానికి డబ్బివ్వడం న్యాయం.

ఫ్రేము సైజుకు ట్రయల్ అక్కర్లేదు. మీకు ఇప్పటికే సరిపోతున్న జోడు కాడ లోపలి వైపు చూడండి, 52, 18, 140 అలా మూడు అంకెలుంటాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది ఎడం, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. ఒకటి రెండు తేడాతో అవే అంకెలున్న ఫ్రేము తీసుకుంటే సరిపోతుంది. నీలి వెలుగును ఆపుతుందని అమ్మే బ్లూ కట్ లాంటి అదనపు పూతలకు డబ్బు పోయకండి, కళ్ల అలసట దాంతో తగ్గదు. తక్కువ పవరుకు మామూలు 1.50 ఇండెక్సు (ఇది పవరు కాదు, అద్దం రకం) ప్లాస్టిక్ అద్దం చాలు, పల్చటి అద్దాల అవసరం ఎక్కువ పవరు వాళ్లది. పిల్లలకు, దెబ్బ తగిలే పనులు చేసేవాళ్లకు సులువుగా పగలని పాలికార్బొనేట్ అడగండి.

ఇక సర్దుకోవడం. పార్సిల్లో వచ్చిన జోడు ఒంకరగా ఉందని, ముక్కు మీంచి జారుతోందని డబ్బాలో పడేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. పది నిమిషాల పని అది. కావాల్సింది చిన్న స్క్రూ డ్రైవర్ల సెట్టు, చిన్న ముక్కు పట్కారు, పట్కారు మూతికి చుట్టడానికి ఇన్సులేషన్ టేపు.

మొదట స్క్రూలు చూడండి, వంకర అనుకున్నది చాలాసార్లు వదులైన స్క్రూయే. బిగించాక దాని తల మీద గోళ్లరంగు ఒక్క చుక్క పెడితే మళ్లీ వదులవదు. ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పడుతుంది. తర్వాత జోడును కాడలు తెరిచి బల్ల మీద తలకిందులుగా పెట్టండి. పై అంచులు రెండూ, కాడలు రెండూ బల్లకు తాకాలి. ఒకటి గాల్లో ఉండి జోడు ఊగితే ముందు దాన్ని సరిచెయ్యాలి.

బల్ల మీద సమంగా ఉండి కూడా ముఖం మీద వంకరగా కనిపించవచ్చు, మన చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. అద్దంలో చూసుకుని కుడి పక్క పైకి ఉంటే కుడి కాడను మడత దగ్గర కొంచెం పైకి వంచాలి, ఎడమ పైకి ఉంటే ఎడమ కాడను. వినడానికి తిరగేసినట్టుంటుంది గానీ, కాడ చెవి మీద ఆనాక ముందు భాగం ఆ పక్క కిందికి దిగుతుంది. ఒక అద్దం ముఖానికి మరీ దగ్గరగా ఉంటే ఆ పక్క కాడను లోపలికి, దూరంగా ఉంటే బయటికి వంచాలి. ఏదైనా ఒక్కసారే వంచెయ్యకండి, కాస్త వంచి, పెట్టుకుని చూసి, మళ్లీ కాస్త. అద్దాన్ని పట్టుకుని వంచకండి, వంచే చోటికి పక్కనే ఫ్రేమును గట్టిగా పట్టుకోండి.

జారడానికి ముఖ్య కారణం చెవి వెనక వంపు. మన చెమటకు, మన ఉక్కకు అది ఇంకా ఎక్కువ. కాడ చెవి పైభాగం దాటిన వెంటనే కిందికి తిరగాలి. వంపు వెనగ్గా మొదలైతే జోడు జారుతుంది, ముందుగా మొదలైతే చెవి వెనక కోసుకుపోతుంది. ప్లాస్టిక్ కాడైతే వేలు ఎక్కువసేపు ఉంచలేనంత వేడి నీళ్లలో ఆ చివర మాత్రమే అర నిమిషం ముంచి, మెత్తబడ్డాక వంచి, చన్నీళ్లలో పెట్టండి. అద్దానికి వేడి తగలనివ్వకండి, పూత పగుళ్లిస్తుంది. విరవబోయినా వెనక్కి లేచే నైలాన్ రకం ఫ్రేములు ఇలా లొంగవు, అవి కొనేటప్పుడే సరిపోవాలి. ముక్కు ప్యాడ్లను టేపు చుట్టిన పట్కారుతో దగ్గరకు జరిపితే జోడు పైకి లేస్తుంది, ఎడం చేస్తే కిందికి దిగుతుంది. ప్యాడు మొత్తం ముక్కుకు ఆనాలి, ఒక అంచే ఆనితే అక్కడ ఎర్రగా గుంట పడుతుంది.

ఇలా రాస్తే షాపులవాళ్ల పొట్ట కొడుతున్నావని ఒక మిత్రుడు అన్నాడు. మంచి పనివాడు జోడు సర్దితే ముఖం మీద ఉన్నట్టే తెలియదు, ఆ నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. పరీక్షకు ఇంత, సర్దడానికి ఇంత, అద్దానికి ఇంత అని విడివిడిగా బిల్లు వెయ్యమంటున్నాను. ఎక్కడ కొన్న జోడైనా వంద తీసుకుని సర్దిపెట్టే షాపు ఏడు రోడ్ల జంక్షన్‌లో ఉంటే అక్కడికి నేనే పదిమందిని పంపిస్తాను. పరీక్ష ఉచితం అని బోర్డు పెట్టి, ఆ ఖర్చంతా ఫ్రేములో కలిపేస్తే పరీక్షకు విలువ పోతుంది, జోడు పేదవాడికి అందకుండా పోతుంది.

పరీక్షను మాత్రం ఎవరూ దాటెయ్యకండి. నీటికాసులు (గ్లకోమా) చూపును నొప్పి లేకుండా, అంచుల నుంచి తినేస్తాయి, రెడీమేడ్ జోడు పెట్టుకుని అక్షరాలు కనిపిస్తున్నాయి కదా అని కూర్చుంటే తెలిసేసరికి ఆలస్యమవుతుంది. షుగరున్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి, పైగా షుగరు ఎక్కువ తక్కువలవుతున్న రోజుల్లో పవరు కూడా మారుతుంటుంది, అది కుదుటపడ్డాకే చీటీ రాయించుకోవాలి. అరవై దాటిన మనిషి ఉన్నట్టుండి "అద్దాలు లేకుండానే పేపరు చదివేస్తున్నాను" అని సంబరపడితే శుక్లం మొదలైందేమో చూపించండి, శుక్లం కంటి పవరును మైనస్ వైపు జరుపుతుంది. పిల్లల విషయంలో పాలికార్బొనేట్ మాట తప్ప నేను రాసిందేదీ వర్తించదు. ఏడెనిమిదేళ్ల లోపు సరైన పవరు అందకపోతే ఆ కన్ను చూడటమే నేర్చుకోకుండా ఉండిపోవచ్చు. వాళ్లకు మందు చుక్కలు వేసి చేసే పరీక్ష, చేయించిన జోడు, షాపులో సర్దించుకోవడం, మూడూ కావాలి. డబ్బు ఇబ్బందైతే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, అంటే మనం రిమ్స్ అని పిలిచే చోట, కంటి విభాగం ఉంది.

పరీక్ష అయ్యాక చీటీ అడిగి తీసుకోండి, పీడీ కూడా అందులో రాయమనండి. ఇంటికొచ్చాక ఫోన్‌లో ఫొటో తీసి, పక్కనే ఇప్పుడున్న ఫ్రేము కాడ మీది మూడు అంకెలు కూడా రాసి పెట్టుకోండి. జోడు బస్సులో పోయినా, మనవడు తొక్కినా ఈ వివరాలతో మళ్లీ ఎక్కణ్నుంచైనా తెప్పించుకోవచ్చు.